సంఘంలో కొత్త ఐడియాలు అడిగితే ఎవరూ నోరు విప్పట్లేదా? ముందు మినిట్స్ పుస్తకం తియ్యండి

ఏటా నవంబర్ వచ్చేసరికి నాకు ఇదే ఫోను. "అన్నా, వచ్చే ఏడాది ఏం చేద్దామో చెప్పండని సంఘాన్ని అడిగాం, ఒక్కళ్లు కూడా మాట్లాడలా, మనవాళ్లు ఆత్మీయంగా చల్లబడిపోయారు, మూడ్రోజులు భక్తి మళ్లీ రగిలించే ఉజ్జీవ కూడికలు పెడితే ఎట్టా ఉంటది?" కూడికలు పెట్టుకోండి, మంచిదే, కానీ ఈ జబ్బుకి మందు అది కాదు. గుంటూరులో మా చర్చి కమిటీలో 12 ఏళ్లు చేశాను, తెనాలి, మంగళగిరి, బెజవాడ సంఘాలు పిలిస్తే వెళ్లి కూర్చున్నాను. ఎక్కడికెళ్లినా ముందు అడిగేది ఒకటే, పోయినేడాది మినిట్స్ పుస్తకం ఉందా అని. ఉంటది, బీరువాలో. ఎవరూ తియ్యరు.

తియ్యండి. పోయినసారి ఎవరు ఏం చెప్పారు, దానికి మీరేం జవాబిచ్చారు చూడండి. జవాబు లేకుండా మూడో నాలుగో పడి ఉంటే కొత్తవి అడగటం అక్కడితో ఆపి, ముందు ఆ పాతవాటికి ఆదివారం ప్రకటనల్లో జవాబు చెప్పండి. ఇది చేశాం, ఇది ఈ ఏడాది చెయ్యలేం ఎందుకంటే డబ్బులు చాల్లేదు, అంతే. చెయ్యలేం అన్నందుకు ఎవరూ నొచ్చుకోరండి, ఉలుకూ పలుకూ లేకపోతేనే మనసు విరిగిపోద్ది. సగం సంఘాల్లో సమస్య ఇక్కడే తీరిపోద్ది, నిజంగా.

సమస్య: మైకులో అడిగితే అందరూ తల దించుకుంటున్నారు

ప్రశ్న మరీ పెద్దదై ఉంటది. "సంఘ అభివృద్ధికి సలహాలివ్వండి" అంటే ఎవరికైనా ఏం తోస్తది? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు గుర్తు తెచ్చుకోండి. సలహాలివ్వండని ఎవరూ అడగలేదు, పసిపిల్లలకి పాలు ఎట్టా చేర్చాలి అన్నదొక్కటే ప్రశ్న, మా సంఘంలో ఎప్పుడూ మాట్లాడని వాళ్లు కూడా పాల పొడి అయితే పాడవదు, మా బావమరిదికి ట్రాలీ ఆటో ఉంది, పులిహోర కలుపుదాం సాయంత్రం దాకా ఉంటదని వరసగా చెప్పారు. అందుకని చిన్నగా అడగండి. "ఈ నెల్లో మీ వీధిలో ఎవరు గుడికి రాలేకపోయారు, ఎందుకు రాలేకపోయారు?" ఇట్టా అడిగి చూడండి, మాటలు వాటంతటవే వస్తాయి.

సమస్య: ఎప్పుడూ ఆ నలుగురే మాట్లాడుతున్నారు

మీరు అడిగే టైము తప్పు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆరాధన ఉంటది, ఆరాధన అయ్యేసరికి ఎండ నెత్తికెక్కుద్ది, అప్పుడు "ఒక్క పది నిమిషాలు కూర్చోండి" అంటే ఇంటికెళ్లి పొయ్యి వెలిగించాల్సిన అక్కలు కూర్చోలేరు, డ్యూటీకి పోవాల్సిన వాళ్లు కూర్చోలేరు, మిగిలేది ఆ నలుగురే. గృహ కూడికల్లో అడగండి, స్త్రీల సమాజంలో అడగండి. మన గుంటూరు వైపైతే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజను, ముచ్చికలు తీసే పనికి పోయే వాళ్లు రాత్రికి ఒళ్లు హూనమై వస్తారు, వాళ్ల మాట కావాలంటే మే నెలలో మిర్చి యార్డుకి సెలవులిచ్చాక అడగండి. బెజవాడ వాళ్లు ఫిబ్రవరి 9, 10, 11 గుణదల కొండ మీద మేరీమాత ఉత్సవాల రోజుల్లో మీటింగ్ పెట్టొద్దు, కేథలిక్కులే కాదు, మనవాళ్లు కూడా చాలామంది ఆ కొండకి పోతారు.

ఇంటికెళ్లి వినటం మన ఊరికి కొత్తేం కాదు. అమెరికా డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చినప్పుడు లూథరన్ మిషన్ వాళ్లు ఆమెని వైద్యం కోసమని పంపలా, ఇళ్లలో ఉండే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లే పని ఇచ్చారు. ఆ ఇళ్లలో ఆమె చూసిన అవసరమే 1898కి ఆసుపత్రి అయింది.

సమస్య: ఒకప్పుడు బాగా మాట్లాడేవాళ్లు, ఇప్పుడు పిలిచినా మాట్లాడట్లేదు

ఇది అసలైంది, నన్ను కాల్చింది కూడా ఇదే. పైకి ఇది భక్తి తగ్గినట్టే కనపడుద్ది, అందుకే ఎవరికీ దొరకదు.

మా సంఘంలో ఒక అక్క ఉండేది, మిర్చి కమిషన్ కొట్లో లెక్కలు రాసే పని. ఒకసారి మీటింగ్‌లో లేచి, సాయంత్రాలు చర్చి హాలు ఖాళీగానే ఉంటది కదా, మన పేటలో టెన్త్ పిల్లలకి అక్కడ ట్యూషన్ పెడదాం అంది. అందరూ స్తోత్రం అన్నారు. వచ్చే ఆదివారం ప్రకటనల్లో మైకు పట్టుకుని నేనే చెప్పాను, ట్యూషన్ పరిచర్యకి ఇంచార్జి ఫలానా అక్క అని. ఆమెని అడగలా. చప్పట్లు కూడా కొట్టించాను. ఆమె కొట్టు నుంచి వచ్చేసరికే ఏడయ్యేది, అయినా కాదనలేక మూడు నెలలు చేసింది, సుద్దముక్కలు, నోటు పుస్తకాలు, ఆఖరికి ఫ్యాను రిపేరు కూడా ఆమె డబ్బులే. తర్వాత ట్యూషన్ ఆగింది, ఆమె వెనక బెంచీకి మారింది, కొన్నాళ్లకి రావటమే తగ్గించింది. ఆ తర్వాత రెండేళ్లు మా సంఘంలో ఒక్క కొత్త ఐడియా రాలా, మేమేమో ప్రార్థన చాలట్లేదు అనుకుంటూ ఉపవాసాలు పెట్టాం.

చెబితే పని నెత్తిన పడుద్దని అందరికీ అర్థమైపోయింది, అర్థం కానిది మా కమిటీకే. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మళ్లీ చదవండి. మా విధవరాండ్రకి భోజనం సరిగా అందట్లేదని కొందరు సణిగారు. అపొస్తలులు అయితే మీరే వడ్డించుకోండి అన్లేదు, సమూహాన్నంతా పిలిచి ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. సణిగినవాళ్ల మాట విన్నారు, పని మాత్రం సంఘమంతటిదీ అయింది.

పరిష్కారం ఏంటంటే, ముందు ఐడియాకి పేరు లేకుండా చెయ్యండి. చీటీలు పెట్టె పెట్టండి, రాయలేని పెద్దవాళ్లకి సండే స్కూల్ పిల్లలు కూర్చుని రాసిపెడతారు, లేదంటే పాస్టరమ్మ గారికి వాయిస్ మెసేజ్ పెట్టమనండి. పెట్టె తాళం కమిటీలో లేనివాళ్ల దగ్గరుండాలి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. చీటీలు తీశాక కనీసం రెండు వారాలు ఎవరికీ పని అప్పగించొద్దు. అప్పగించాలంటే ఇంటికెళ్లి అడగండి, కాదనే వీలుండేట్టు అడగండి, మైకులో పేరు ముందే చదవొద్దు. ఇద్దరికి తక్కువ కాకుండా పెట్టండి. డబ్బు సంఘం ఖాతాలోంచి ముందే చేతికివ్వండి, రెండు వేలైనా సరే, బిల్లు పెడితే తర్వాత ఇస్తాం అనే మాట వద్దు. ఆరు వారాలు చేసి చూద్దాం అని గడువు చెప్పండి, అప్పుడు ఆపినా ఓడిపోయినట్టు ఉండదు.

"నువ్వే చెప్పావుగా, నువ్వే చూసుకో" అనే మాట కమిటీలో ఎవరన్నా అంటే ఆ నిమిషమే ఆపండి.

ఇంకా కొన్ని ఉంటాయి, పాస్టర్ గారికి ట్రాన్స్‌ఫర్ రాబోతుంటే ఎవరూ ఏమీ చెప్పరు, కొత్తవారు వచ్చేదాకా ఆగండి. రెండు కుటుంబాల గొడవైతే పెద్దలు ముందు అది తేల్చాలి. యూత్ కీబోర్డు, డ్రమ్స్ తప్ప ఏమీ అడగట్లేదంటారా, అది సమస్యే కాదు, కొనివ్వండి.

ఆ అక్క ఇంటికి నేను వెళ్లాను, చాలా ఆలస్యంగా. క్షమించమని అడిగితే టీ పెట్టిచ్చింది, ట్యూషన్ సంగతి ఎత్తలేదు. ఆ ఏడాదే మొదటిసారి చీటీల పెట్టె పెట్టాం. సగానికి పైగా చీటీల్లో ఒకటే ఉంది, నడవలేని ముసలోళ్లని ఆదివారం గుడికి తీసుకురావటానికి ఆటో మాట్లాడమని. అందులో ఆమె చీటీ ఏదో నాకు తెలీదు. ఆటో మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది, డబ్బులు సంఘం ఖాతాలోంచే.