ఇంటి పెరట్లో క్లచ్ మార్చబోయేవారికి జాగ్రత్తలు

పర్లాకిమిడి వైపు ఒక ఇంటి పెరట్లో క్లచ్ మారుస్తున్న కుర్రవాడి మీదికి ఇటీవల కారు ఒరిగిందనీ, పక్కటెముకలు విరిగినా ప్రాణం దక్కిందనీ తెలిసింది. ఇలాంటి కబురు వినడం ఇది మొదటిసారి కాదు. విన్న ప్రతిసారీ కారణం ఒక్కటే: కారును సిమెంటు ఇటుకల దొంతర మీద నిలబెట్టి కిందికి దూరడం.

సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డులో లారీల వెనక సగం క్లచ్ తొక్కి పాకే టర్బో కారుకు క్లచ్ ప్లేటు త్వరగానే అరుగుతుంది. రాయగడలోనో జయపురంలోనో ఉన్నవారు అలాంటి కారు పని తెలిసిన గ్యారేజీ కోసం విశాఖపట్నమో భువనేశ్వరో పోవలసి వస్తుంది కనుక, ఇంట్లోనే చేసుకుందామనుకోవడంలో తప్పేమీ లేదు. గ్లవ్స్, కళ్లజోడు వంటి సంగతులు అందరికీ తెలిసినవే. వాటిని మళ్లీ చెప్పను.

నేల, స్టాండ్లు

ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడు ఇటుకలు ఆగాయి కాబట్టి క్లచ్ పనికీ ఆగుతాయని చాలామంది నమ్ముతారు. ఆయిల్ మార్చేటప్పుడు కారును ఎవరూ పెద్దగా కదపరు. క్లచ్ పనిలో బిగుసుకున్న బోల్టుకు స్పానర్ చివర పొడవాటి పైపు తొడిగి లాగుతారు, పట్టేసిన గేర్ బాక్సును కడ్డీతో ఎగదోసి ఊపుతారు, తిరిగి ఎక్కించేటప్పుడు షాఫ్టు క్లచ్ ప్లేటు పళ్లలో పడేదాకా భుజం ఆనించి నెడతారు. ఈ బలమంతా కారును అడ్డంగా తోస్తుంది. బోలు ఇటుక నిలువు బరువును కొంతవరకు ఓర్చుకున్నా, ఒక అంచు మీదే బరువు పడినప్పుడు వంగదు, ముందుగా హెచ్చరించదు, ఒక్కసారిగా పొడై రాలుతుంది. ఇటుకలు వద్దని ఇంత నొక్కి చెప్పడానికి కారణం అదే.

హైడ్రాలిక్ జాకీలో సీలు కారితే కారు మెల్లగా దిగిపోతుంది, కారుతో పాటు వచ్చే కత్తెర జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే పనికొస్తుంది. బరువు నిలవవలసింది జాక్ స్టాండ్ల (ఎత్తిన కారును మోసే ఇనుప కాళ్ల) మీద, అవీ కారు మాన్యువల్‌లో చూపిన చోట్ల కింద మాత్రమే.

మన వైపు దీనికి తోడు మరో చిక్కు ఉంది. అంతా విప్పిన తరువాత గాని ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం) కూడా కాలిపోయిందనో, తెప్పించిన రిలీజ్ బేరింగు (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసేది) వేరే మోడల్‌దనో తేలదు. సరైనది కొరియర్‌లో వచ్చేసరికి వారం గడుస్తుంది, ఈలోగా రెండు గట్టి వానలు పడితే పెరట్లోని ఎర్రమట్టి నాని, ఒక స్టాండు కాలు వేలెడు లోతు దిగి, దాని మిగిలిన మూడు కాళ్లూ పైకే ఉంటాయి. దూరం నుంచి చూస్తే కారు సమంగానే కనిపిస్తుంది. కాబట్టి స్టాండ్ల కింద మందపాటి ఇనుప ప్లేట్లు వేయండి. పని ఆగిన ప్రతిసారీ, మళ్లీ కిందికి దూరే ముందు బయట నిలబడి కారును పక్కనుంచి గట్టిగా నెట్టి చూడండి.

గేర్ బాక్సు, అప్‌గ్రేడ్

ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో గేర్ బాక్సు మౌంటే (దాన్ని బాడీకి పట్టి ఉంచే బిగింపే) ఇంజిన్‌ను ఒకవైపు మోస్తుంది కనుక, దాన్ని విప్పే ముందే ఇంజిన్‌కు పైనుంచి బార్ తగిలించాలి, లేదా సంపు (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) కింద చెక్క పెట్టి ఆధారం ఇవ్వాలి. గేర్ బాక్సును గుండెల మీదికి దించుకోవడం మగతనం అనుకునేవారున్నారు. అద్దెకు దొరికే ట్రాన్స్‌మిషన్ జాకీ పక్కటెముకల కంటే చవక. ఎక్కించేటప్పుడు ఇంజిన్‌కూ గేర్ బాక్సుకూ మధ్య వేలెడు సందు మిగిలితే బోల్టులు బిగించి దగ్గరికి లాగవద్దు, హౌసింగ్ (గేర్ బాక్సు పై తొడుగు) పగులుతుంది. క్లచ్ ప్లేటు మధ్యలో కూర్చోలేదని అర్థం. దించి, అలైన్‌మెంట్ టూల్‌తో సరిచేసి మళ్లీ ఎక్కించండి.

ఇంజిన్ పవర్ పెంచిన కారుకు బలమైన ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పట్టేది) వేస్తే పెడల్ బరువెక్కుతుంది, భారం గేర్ల మీదికీ యాక్సిల్ షాఫ్టుల మీదికీ మారుతుంది. బ్రేకులు బాగుచేయకుండా పవర్ పెంచి ఘాట్ దిగడం తెలివితక్కువతనం. మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్ణయించిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా ఉండవచ్చు.

మిగిలినవి

బ్యాటరీ నెగటివ్ వైరు మొట్టమొదట విప్పండి. స్టార్టర్‌కు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వస్తుంది.

వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. గేరులో ఉంచానని ధీమా పడవద్దు, యాక్సిల్ షాఫ్టులు ఊడిన తరువాత గేరు దేన్నీ పట్టుకోదు.

పాత క్లచ్ ధూళిని గాలితో ఊదవద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడి గుడ్డతో తుడవండి.

ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి.

గ్రీజు అంటిన వేలు క్లచ్ ప్లేటుకు తగలకూడదు.

క్లచ్ లైనులో పోసే బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా ఎప్పుడో మూత తీసినదైతే వానాకాలంలో వాడవద్దు, అది తేమ పీల్చుకుంటుంది.

కొత్త క్లచ్‌తో తొలి కొన్ని వందల కిలోమీటర్లు చదును రోడ్డు మీదే నడపండి.

క్లచ్ లైనులో గాలి తీసేటప్పుడు పెడల్ తొక్కే మనిషి కారెక్కే ముందు, దిగే ముందు మీరు కింది నుంచి బయటికి రండి.

విప్పిన చక్రాన్ని గోడకు ఆనించవద్దు, కారు అంచు కిందికి దొర్లించి పడుకోబెట్టండి.

ఇటుకలు వద్దు. ఇటుకల మధ్య చెక్క పెట్టినా వద్దు. బండరాళ్లూ వద్దు. పది నిమిషాల పనికైనా వద్దు.

ఒంటరిగా చేయవద్దు. పక్కన ఉండే మనిషికి జాకీ వేయడం తెలిసి ఉండాలి, రెండో జాకీ అతని చేతికి అందేచోట ఉండాలి.

కారు మీద పడితే మనిషిని కాళ్లు పట్టి లాగవద్దు. ముందు 108కి ఫోన్ చేయించండి, ఆ రెండో జాకీతో కారును ఎత్తి, బరువు స్టాండు మీద నిలిచాకే బయటికి తీయండి.