ఉల్లి వేరుకొనలో సూక్ష్మనాళికల ప్రోటీన్ల పనిని గమనించే విధానం

కణవిభజనలో క్రోమోజోములను లాగే కండె పోగులు సూక్ష్మనాళికలతో, అంటే ప్రోటీన్‌తో తయారైన అతి సన్నని గొట్టాలతో, ఏర్పడతాయి. ఒక్కో నాళిక వ్యాసం దాదాపు 25 నానోమీటర్లే కాబట్టి, కళాశాల సూక్ష్మదర్శినిలో అవి గాని, వాటిని అంటిపెట్టుకుని ఉండే ప్రోటీన్లు గాని విడివిడిగా కనిపించవు. అయినా నాళికలను కరిగించి, అప్పుడు క్రోమోజోముల అమరిక ఎలా మారుతుందో చూస్తే ఆ ప్రోటీన్ల పని ఎక్కడ ఆగిపోయిందో గ్రహించవచ్చు. ఇందుకు నాళికలు ఏర్పడకుండా ఆపే విషపూరిత రసాయనం కాల్చిసిన్ అక్కరలేదు, మంచునీరు చాలు.

రెండు ఉల్లిగడ్డల ఎండిన వేళ్లను గీకివేసి, అడుగుభాగం మాత్రమే నీటికి తగిలేలా గాజుగ్లాసుల మీద నిలపాలి. వేళ్లు రెండు సెంటీమీటర్లు పెరిగాక ఒక గడ్డను అలాగే ఉంచి, రెండో గడ్డ వేళ్లను 24 గంటలు మంచునీటిలో ముంచి ఉంచాలి. నీరు వేడెక్కితే నాళికలు మళ్లీ పెరుగుతాయి గనుక, మంచు కరిగేకొద్దీ వేస్తూనే ఉండాలి. ప్రయోగం నిలిచేది ఈ జాగ్రత్త మీదే. ఆపై వేరుకొనలను కోసిన వెంటనే, మూడు పాళ్లు ఇథనాల్, ఒక పాలు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో, వేర్వేరు సీసాల్లో ఒక రోజు ఉంచాలి. చేతి తొడుగులు వేసుకుని, వాటిని 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల సెల్సియస్ వద్ద ఐదు నుంచి పది నిమిషాలు మెత్తబరిచి, కడిగి, క్రోమోజోములకు ఎర్రరంగు ఇచ్చే అసిటోకార్మిన్ పట్టించాలి. చివరి రెండు మిల్లీమీటర్ల ముక్కను స్లైడు మీద పెట్టి, కవర్‌స్లిప్ పక్కకు జరగకుండా బొటనవేలితో నిలువుగా నొక్కాలి.

మామూలు వేరులో మధ్యస్థదశ క్రోమోజోములు కణం నడుమ బారుతీరి ఉంటాయి. మంచునీటి వేరులో అవే పొట్టిగా, ముద్దగా మారి కణమంతా చెదిరి ఉంటాయి; బాగా పరుచుకున్న కణంలో 16 లెక్కపెట్టవచ్చు. ఎదురెదురు నాళికలను ఒకేసారి పట్టుకుని, ఒకదాని మీదుగా మరొకదాన్ని జరిపి కండె రెండు కొనలైన ధ్రువాలను దూరంగా నెట్టేది కైనెసిన్-5 అనే చలన ప్రోటీన్. అది ఉన్నా, నడవడానికి నాళికలు లేకపోతే చలనం ఉండదు. క్షీరదాల మెదడు కణాల్లో మ్యాప్6 ప్రోటీన్ నాళికలను చలి నుంచి కాపాడుతుంది; ఉల్లి కండెకు అంతటి రక్షణ లేదు.

మామూలు స్లైడులో అంత్యదశ కణాలనూ వెతకాలి. రెండు కేంద్రకాల మధ్య సన్నని గీతలా కనిపించే కణఫలకం (కొత్త కణగోడకు తొలిరూపం) ఏర్పడే చోట, మ్యాప్65 ప్రోటీన్లు నాళికలను కట్టలుగా పట్టి ఉంచుతాయి. జంతుకణాల్లో దీనికి దగ్గరి బంధువు పీఆర్‌సీ1. చలికి ఆ కట్టలు చెదిరిన కణాల్లో గోడ పూర్తికాక, ఒకే కణంలో రెండు కేంద్రకాలు మిగలవచ్చు. మంచునీటి వేరు స్లైడులో అటువంటివి కనబడితే బొమ్మ గీసి, పక్కనే దశ పేరు రాసుకోవాలి.