ఆల్బమ్ పేజీలు లేస్తున్నాయా? గమ్మును తిట్టే ముందు కాగితాన్ని వంచి చూడండి

వేసవి సెలవుల్లో మొదలుపెట్టిన ఫోటో ఆల్బమ్‌లు బతుకమ్మ నాటికి మూత పడకుండా ఉబ్బి నా దగ్గరికొస్తాయి. నల్గొండ నుంచి తెచ్చినా, పాలమూరు నుంచి తెచ్చినా మాట ఒకటే: "అక్కా, ఈ గమ్ము బాలేదు." అప్పటికే ఇంకో గమ్ము కొని ఉంటారు. అదీ అంతే అయ్యేసరికి మూడోసారి ఆన్‌లైన్‌లో ఖరీదైనది తెప్పించి ఉంటారు. కాగితాన్ని చేతుల్లోకి తీసుకుని అటొకసారి, ఇటొకసారి వంచి చూసినవాళ్లు చాలా తక్కువ. చూసినవాళ్లు కూడా పైనున్న ఒక్క షీటు చూసి వదిలేస్తారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను. కత్తిరించడం, అంటించడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా.

నిజంగా గమ్ముదే తప్పయితే

ఫోటో చుట్టూ మాత్రమే కాగితం ముడతలు పడి, పేజీ మిగతా భాగం చదునుగా ఉంటే తప్పు గమ్ముదే. ఇంకా చెప్పాలంటే, గమ్ము పోసిన చేతిది. ఫెవికాల్ లాంటి తెల్ల గమ్ములో నీళ్లుంటాయి. ల్యాబ్‌లో కడిగించిన ఫోటోకు వెనక కూడా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు ఫోటోలోకి ఇంకవు. ఆ నీళ్లన్నీ పేజీయే పీల్చుకుంటుంది. పేజీ ఉబ్బుతుంది, ఫోటో ఉబ్బదు, మధ్యలో ముడత వస్తుంది. ఎండాకాలంలో ఫోటో అంచులు టపటపా లేచిపోవడానికి కూడా కారణం ఇదే: ఆ ప్లాస్టిక్ వీపును తెల్ల గమ్ము గట్టిగా పట్టుకోదు. ఫోటోలకు డబుల్ సైడ్ టేప్ వాడండి. తెల్ల గమ్మును కాగితం మీద కాగితం అంటించడానికి ఉంచుకోండి, అదీ పాత ఏటీఎం కార్డుతో పలచగా లాగి.

పేజీ మొత్తం అంటించిన వైపుకి గొట్టంలా చుట్టుకుంటే అది వేరే కథ. పెద్ద డిజైన్ పేపర్‌ను ఒకవైపే నిండా అంటించారు. తడిసి సాగిన కాగితం ఆరేటప్పుడు కుంచించుకుపోతూ కింది షీటును తనవైపు లాక్కుంది. పైగా డైనింగ్ టేబుల్ మీద ఫ్యాన్ కింద ఆరబెడతారు, పై ముఖం ముందే ఆరిపోయి ఇంకాస్త వంగుతుంది. వెనక్కి కూడా అంతే మందం కాగితాన్ని అదే దిశలో (ఏ దిశో కింద గ్రెయిన్ దగ్గర చెప్తాను) అంటిస్తే రెండు లాగుళ్లు సరిసమానం అవుతాయి. తర్వాత రెండు వైపులా రాతలేని తెల్ల కాగితాలు పెట్టి, పైన చెక్క పలక వేసి, దాని మీద బియ్యం సంచి పెట్టి రాత్రంతా వదిలేయండి. పలక లేకుండా సంచి పెడితే సంచి గుంతలన్నీ పేజీ మీదికొస్తాయి.

ఈ రెండూ కాకపోతే

ఇప్పుడు చెప్పే మూడింట్లో ఏది కనిపించినా గమ్ము జోలికి పోకండి. ఒకటి, కుట్టు దగ్గర, అంటే పేజీ ఆల్బమ్‌కు అతుక్కున్న అంచు వెంట, అలలు. రెండు, మడత పెట్టిన చోట కార్డు పగిలి లోపలి తెల్ల గుజ్జు బయటపడటం. మూడు, ఎదురెదురు మూలలు రెండు పైకి, రెండు కిందికి పోయి పేజీ అప్పడంలా మెలితిరగడం. ఈ మూడింటికీ మూలం గ్రెయిన్.

మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు తడి గుజ్జు కదిలే జల్లెడ మీద పడుతుంది. నారల్లో ఎక్కువ భాగం ఆ జల్లెడ కదిలే దిశలోనే వాలిపోతాయి. ఆ దిశే గ్రెయిన్. నారకు చెమ్మ తగిలితే అది లావెక్కుతుంది కానీ పొడవు పెద్దగా పెరగదు. అందుకే షీటు కూడా గ్రెయిన్‌కు అడ్డంగా ఎక్కువ సాగుతుంది, గ్రెయిన్ వెంట చాలా తక్కువ. అలా సాగాల్సిన వైపును మీరు కుట్టులో బిగించేస్తే అది ఎటు పోతుంది? అలలవుతుంది. రెండు షీట్లను ఒకదాని గ్రెయిన్ నిలువుగా, ఇంకోదాని గ్రెయిన్ అడ్డంగా ఉండేలా అంటిస్తే ఒకటి అటు లాగుతుంది, ఇంకోటి ఇటు లాగుతుంది. మడత గ్రెయిన్‌కు అడ్డంగా పడితే నారలు విరుగుతాయి, కార్డు పగులుతుంది.

మన దగ్గర ఇది ఇంకాస్త ఎక్కువగా బయటపడుతుంది. మే నెలలో బయట గాలి పొడిగా మండుతుంటుంది, ఇంట్లో నీళ్ల కూలర్ చెమ్మ చిమ్ముతుంటుంది. పిల్లలు పడుకున్నాక కూలర్ ముందు కూర్చుని చేసిన పేజీ, కూలర్ ఆపేసిన గదిలో ఒక రకంగా, జులై ముసురులో ఇంకో రకంగా కదులుతుంది. పొద్దున చదునుగా ఉన్నది రాత్రికి లేచిందంటే గాలిలో చెమ్మ మారిందన్నమాట. ప్యాకెట్ విప్పి షీట్లను ఒకట్రెండు రోజులు అదే గదిలో ఉంచి మొదలుపెడితే కొంత నయం.

గ్రెయిన్ చూసే పద్ధతి: షీటును మడత పడకుండా సగానికి వంచి అరచేత్తో మెల్లగా నొక్కండి. ఇప్పుడు తిప్పి రెండో వైపు వంచి నొక్కండి. ఏ వంపు మెత్తగా లొంగితే గ్రెయిన్ ఆ వంపు గీత వెంట ఉన్నట్టు. చేతికి అలవాటు కాకపోతే ముందు పాత దినపత్రిక తీసుకుని పైనుంచి కిందికి చింపండి, దాదాపు తిన్నగా పోతుంది. అడ్డంగా చింపండి, ఎటు పడితే అటు పోతుంది. తిన్నగా చిరిగేది గ్రెయిన్ దారి. పలచటి డిజైన్ పేపరైతే చిన్న ముక్కకు ఒకవైపు తడి చెయ్యండి. వెంటనే గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఎటుంటే గ్రెయిన్ అటు. చూశాక వెనకవైపు పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టండి. 12×12 అంగుళాల చదరపు షీట్లకు ఈ బాణం తప్పనిసరి. వాటికి పొడవూ వెడల్పూ ఒకటే కాబట్టి ఒక్కసారి చేతిలో తిరిగిందంటే దిశ పోయినట్టే.

నియమం ఒక్కటే: గ్రెయిన్ కుట్టుకు సమాంతరంగా, మడతకు సమాంతరంగా ఉండాలి.

ఒకే కట్టలో రెండు రకాలు

ఇదంతా తెలిసినవాళ్లు కూడా దెబ్బతినే చోటు ఒకటుంది. మా ఆడపడుచు వాళ్ల బాబు పుట్టువెంట్రుకలు యాదగిరిగుట్టలో తీయించింది. ఆ ఫోటోలతో ఏ4 ఐవరీ (మందపాటి) షీట్ల మీద ఆల్బమ్ చేసింది. మొదటి పేజీలు చదునుగా ఉన్నాయి, ఆ తర్వాతవి కుట్టు దగ్గర అలలు, మళ్లీ కొన్ని బాగున్నాయి. "వదినె, ఒకటే గమ్ము, ఒకటే పూట చేసిన. ఇవెట్ల మంచిగున్నయ్, ఇవెట్ల లేచినయ్? పైన షీటు వంచి కూడ చూసిన" అంది. నిజమే, చూసింది. పైన ఉన్న షీటు సరైనదే. కింద ఉన్నవాటిలో కొన్ని కావు.

కారణం కత్తిరింపులో ఉంది. కంపెనీ ప్యాకెట్‌లో ఏ4 కొంటే షీట్లన్నీ మామూలుగా ఒకే దిశలో ఉంటాయి. మందం షీట్లు మాత్రం చాలామంది పెళ్లి పత్రికలు కొట్టే ప్రెస్సులోనో, పెద్ద స్టేషనరీ షాపులోనో పెద్ద షీటు కొని అక్కడే కోయించుకుంటారు. 23×36 అంగుళాల షీటును తీసుకోండి. ఏ4లన్నీ ఒకే దిశలో కోస్తే వచ్చేవి 6. కొన్నింటిని నిలువుగా, కొన్నింటిని అడ్డంగా పేరిస్తే 7 వస్తాయి: ఒక వరసలో 4, ఇంకో వరసలో 3. కోసే అన్న మీ మేలు కోరే 7 తీస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ ఆ కట్టలో ఒక దిశ గ్రెయిన్‌వి 4, రెండో దిశవి 3 కలిసిపోయాయి. చూడటానికి అన్నీ ఒకటే రంగు, ఒకటే సైజు, ఒకటే మందం. ఇంట్లో 22×28 చార్టు మీరే కోసినా ఇంతే. ఒకే దిశలో 4 వస్తాయి, కలిపి పేరిస్తే 5.

అందుకే పై షీటు ఒక్కటీ చూసి వదిలేస్తే లాభం లేదు. కట్టంతా ఒక్కొక్కటిగా వంచి చూసి రెండు కుప్పలు పెట్టండి. ఏదీ వృథా పోదు కూడా. గ్రెయిన్ పొడవు వెంట ఉన్నవి నిలువు ఆల్బమ్ పేజీలకు వెళ్తాయి, ఎందుకంటే కుట్టు పొడవు అంచు మీద ఉంటుంది. గ్రెయిన్ పొట్టి అంచు వెంట ఉన్నవి సగానికి మడిచే గ్రీటింగ్ కార్డులకు వెళ్తాయి, ఎందుకంటే అక్కడ మడత పొట్టి అంచుకు సమాంతరంగా పడుతుంది. పొట్టి అంచు మీద కుట్టే అడ్డ ఆల్బమ్ అయితే ఈ లెక్క తిరగబడుతుంది. ఇక కోయించే ముందే, "అన్నా, అన్నీ ఒక్క దిక్కే కొయ్యి, ఆరే వచ్చినా మంచిదే" అని చెప్తే ఈ వేరుచేసే పనే ఉండదు.

ఇప్పటికే పాడైన పేజీలకు

అలలు పడిన పేజీని కుట్టు నుంచి ఓ సెంటీమీటర్ వదిలి స్కేలు పెట్టి కోసేయండి. కుట్టు వైపు మిగిలిన ముక్కకూ పేజీకీ మధ్య సన్నటి బట్ట పట్టీని అంటించి, కోసిన చోట రెండు మిల్లీమీటర్ల సందు వదలండి. పేజీ ఇప్పుడు ఆ పట్టీ మీద తలుపులా తిరుగుతుంది. కుట్టు బిగింపు లేదు కాబట్టి చెమ్మకు కొంచెం సాగినా అలలు పెద్దగా రావు. మెలితిరిగిన పేజీ మాత్రం బరువు పెడితే బాగుపడదు. బరువు తీసిన మర్నాడే మళ్లీ లేస్తుంది. దాని మీదున్న ఫోటోలను ఊడదీసి, సరైన షీటు మీద మళ్లీ పెట్టడమే దారి.

పగిలిన మడత మీద అదే రంగు కలర్ పెన్సిల్ రుద్దితే దూరానికి కనపడదు. ముందు జాగ్రత్త కావాలంటే మడిచే ముందు ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గీత నొక్కండి. నొక్కిన పల్లం బయటికి, వెనక ఉబ్బిన గీత లోపలికి వచ్చేలా మడవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

సాగర్ గేట్లు వరసగా కనిపించేలా తీసిన పొడుగు ఫోటోను రెండు పేజీల మీద పరచాలనుకుంటే కుట్టు దగ్గర దాన్ని రెండు ముక్కలు చేసేయండి. 26 గేట్లను 13, 13గా చీల్చాలంటే మనసు ఒప్పదు కానీ, మడత పెడితే పగిలేది ఆ మధ్యలోనే.

ఇస్త్రీ పెట్టె ఫోటో ఉన్న పేజీకి తగలకూడదు, ప్లాస్టిక్ పొర పాడవుతుంది.

ఇంకా కొన్ని అడుగుతుంటారు. పసుపు మచ్చలా? మామూలు సెల్లోటేపు కానీ పాత జిగురు ఆల్బమ్ కానీ అయి ఉంటుంది, తీసేయండి. హ్యాండ్‌మేడ్ పేపర్‌కు గ్రెయిన్ చూడాలా? అందులో నారలు ఎటంటే అటు ఉంటాయి, వదిలేయండి. సిల్వర్ ఫిష్ పురుగులైతే మైదా పిండి గమ్ము మానేయండి, వాటికి అదే తిండి. ఇక చెదలంటారా, అది ఆల్బమ్ సమస్య కాదు, గోడ సమస్య. పాలమూరు పిల్లలమర్రి అంతటి చెట్టుకే 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించాల్సి వచ్చింది. అల్మారాను గోడ నుంచి జరిపి, చెదల మందు కొట్టేవాళ్లను పిలవండి.