ఇంట్లో తెలుగు, బడి ప్యానెల్ మీద గజిబిజి: పాఠం చెదిరిపోతే ముందుగా ఏం చూడాలి

శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సామాన్య శాస్త్రం చెబుతున్నాను. చుట్టుపక్కల బడుల్లో ప్యానెల్ (తరగతి గదిలో పాఠాలు చూపించే పెద్ద టచ్ తెర) మొరాయించినప్పుడల్లా ఫోను అందుకునే పని ఎవరూ అప్పగించకుండానే నా మీద పడింది. ఆ ఫోన్లు చాలా వరకు ఒకే మాటతో మొదలవుతాయి: “మాస్టారూ, నిన్న ఇంట్లో బాగానే వచ్చిందండీ.” ల్యాప్‌టాప్‌లో స్లైడ్లు తయారుచేసుకోవడం, పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం, ప్యానెల్ మీద తెరవడం వచ్చిన ఉపాధ్యాయుల కోసమే ఇది రాస్తున్నాను. ఆ మూడూ రానివారు పక్క గదిలో ఉన్న సహోపాధ్యాయుడి దగ్గర అరగంట కూర్చుంటే సరిపోతుంది.

ఫోను చేసిన ప్రతివారినీ నేను మొదట అడిగేది ఒక్కటే: పాఠాన్ని ఏ తెర మీద చెప్పబోతున్నారో అదే తెర మీద, ముందు రోజు సాయంత్రమే, చివరి స్లైడు దాకా తిప్పి చూశారా? చూడలేదన్నదే దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు. మొదటి స్లైడు తెరిచి, శీర్షిక కనిపించింది కదా అని ప్యానెల్ ఆపేసి ఇంటికి వెళ్లేవారు కూడా చూడనివారి కిందే లెక్క. ఎందుకంటే చెడిపోయేది మీరు స్వయంగా టైపు చేసిన మొదటి స్లైడు కాదు, ఎవరి దగ్గరి నుంచో తెచ్చి అతికించిన ఏడో స్లైడు.

లక్షణం

తెలుగు చెదిరిపోయిందని అందరూ ఒకే మాట అంటారు గానీ, ఆ చెదరడంలో మూడు రకాలున్నాయి. ఏ రకమో చూడకుండా వైద్యం మొదలుపెట్టడం వల్లనే పీరియడ్లు పోతున్నాయి.

అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వరుసగా కనిపిస్తే, పాఠంలో తెలుగు భద్రంగానే ఉంది, దాన్ని గీసి చూపించే ఫాంటు మాత్రం ఆ యంత్రంలో లేదు. ఒక యూనికోడ్ తెలుగు ఫాంటు వేస్తే సరిపోతుంది (యూనికోడ్ అంటే ఏమిటో కింద చెబుతాను). విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఫాంటు విండోస్‌తో పాటే వస్తోంది కాబట్టి ఈ రకం ఇప్పుడు అరుదు. అక్షరాలు తెలుగులోనే ఉండి, వత్తులు మాత్రం కిందికి దిగకుండా పొల్లుతో సహా పక్కపక్కన నిలబడితే, తప్పు ఆ ఫైలును తెరిచిన పాత యాప్‌ది. వేరే యాప్‌లో తెరవండి, ఇక దాని జోలికి పోవద్దు.

ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, టోపీలు, మధ్యలో రూపాయి కాని ఏదో డబ్బు గుర్తు, ఇవన్నీ కలగలిసి ఎవరో కీబోర్డు మీద గుప్పిళ్లతో గుద్దినట్టు కనిపిస్తే మాత్రం ఆగి కూర్చోండి. అందరూ ఇరుక్కునేది ఇక్కడే. నేనూ ఇరుక్కున్నాను.

అసలు కారణం

కొన్నేళ్ల క్రితం ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవానికి, గిడుగు రామమూర్తి గురించి పన్నెండు స్లైడ్లు తయారుచేశాను. అందులో చాలా భాగం నేను టైపు చేసింది కాదు. కార్యక్రమం కరపత్రం కోసం పట్టణంలోని ఒక డీటీపీ సెంటర్‌లో కొట్టించిన ఫైలు నా దగ్గరుంటే, అందులోంచి తీసి స్లైడ్లలో అతికించాను. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా వచ్చింది. కరపత్రం కూడా ముచ్చటగా అచ్చయింది. తీరా పిల్లలందరినీ కూర్చోబెట్టి ప్యానెల్ మీద తెరిస్తే, శ్రీముఖలింగం పక్కనున్న పర్వతాలపేటలో పుట్టిన గిడుగువారి పుట్టినరోజున, ఆయన పుట్టిన జిల్లాలోని బడిలో, ఆయన గురించిన స్లైడులో ఒక్క తెలుగక్షరం లేదు. పెన్‌డ్రైవ్ మార్చాను, ప్యానెల్ ఆపి మళ్లీ వేశాను, వైరస్ అనుకున్నాను, ఇరవై ఫాంట్లు ఒకదాని తరవాత ఒకటి ఎంచి చూశాను. పిల్లలు మొదట నవ్వారు, తరవాత జాలిపడ్డారు. చివరికి కరపత్రం చేత్తో పట్టుకుని చదివాను.

జరిగిందేమిటో ఇంటికి వెళ్లాక అర్థమైంది. కంప్యూటరు లోపల ప్రతి అక్షరం ఒక సంఖ్యగానే ఉంటుంది. యూనికోడ్ అన్నది ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ విడివిడిగా సంఖ్యలిచ్చిన ఒప్పందం. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటుంది, తెలుగు కోసం అందులో 128 స్థానాలున్నాయి. యూనికోడ్‌లో ‘క’ రాస్తే అది విజయనగరంలోనైనా, అమెరికాలోనైనా, ఏ ఫాంటులోనైనా ‘క’ అనే సంఖ్యే. అచ్చుపనికి దశాబ్దాలుగా వాడుతున్న ‘అను’ వంటి ఫాంట్ల పద్ధతి వేరు. అవి ఇంగ్లీషు అక్షరాలకూ, వాటి పక్కనుండే గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలను కూర్చోబెడతాయి. అంటే ఫైలులో ఉన్నది ఇంగ్లీషు అక్షరం, దాని మీద తొడిగిన చొక్కా తెలుగు. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో చొక్కా ఉంటుంది, లేనిచోట ఊడిపోతుంది. అచ్చుకు ఈ పద్ధతి వల్ల ఏ ఇబ్బందీ లేదు, కాగితం మీదికి ఎక్కాక లోపల ఏ సంఖ్య ఉందో ఎవరికి కావాలి? పాఠం ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి వెళ్లాల్సి వచ్చినప్పుడే గుట్టు బయటపడుతుంది.

ఇది దొంగదెబ్బ ఎందుకయిందంటే, నా ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంట్లు ఉన్నాయన్న సంగతే నాకు తెలియదు. ఎప్పుడో ప్రశ్నపత్రం దిద్దుకోవడానికి వీలుగా ఉంటుందని డీటీపీ కుర్రాడే వేసి ఇచ్చాడు. అందువల్ల ఇంట్లో ఎన్నిసార్లు చూసినా తప్పు కనిపించే అవకాశమే లేదు. ఫాంట్లు మార్చి చూడటం ఎందుకు పనిచేయలేదో కూడా ఇప్పుడు తెలుస్తుంది: అక్కడ తెలుగు అక్షరమే లేనప్పుడు ఎంత మంచి తెలుగు ఫాంటు ఎంచుకున్నా అది దేనిని చూపిస్తుంది?

తేల్చుకోవడం

అనుమానమున్న స్లైడులోంచి రెండు వాక్యాలు కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. ఫోనులో ఆ అచ్చు ఫాంట్లు ఉండవు కాబట్టి అది మొహమాటం లేకుండా నిజం చెబుతుంది. ఫోనులోనూ తెలుగే కనిపిస్తే మీ పాఠం యూనికోడ్‌లో ఉంది, జబ్బు వేరెక్కడో వెతకండి. గజిబిజి కనిపిస్తే కారణం దొరికినట్టే. దీనికి నిమిషం కూడా పట్టదు. ఈ నిమిషం ఖర్చుపెట్టడానికి ఇష్టపడక ప్యానెల్ బాగుచేసేవారికి ఫిర్యాదు రాసినవారిని నేను చూశాను. ఆయన వచ్చి, ప్యానెల్ బాగానే ఉందని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

పీడీఎఫ్ విషయంలో మాత్రం కంటిని నమ్మవద్దు. పీడీఎఫ్ తయారయ్యేటప్పుడు సాధారణంగా ఫాంటు కూడా దాని లోపలే చేరుతుంది కాబట్టి ఏ తెర మీదైనా తెలుగు నిక్షేపంగా కనిపిస్తుంది. అందులోంచి ఒక పేరా కాపీ చేసి స్లైడులో అతికించినప్పుడు లోపలి ఇంగ్లీషు బయటికొస్తుంది. యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేసినా ఒక్కోసారి గుణింతాలు తారుమారవుతాయి, కాబట్టి పీడీఎఫ్ ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకుండా దాని అసలు ఫైలు తెప్పించుకోండి.

పరిష్కారం

తెల్లారితే పాఠం ఉందనుకోండి, అప్పటికి స్లైడ్లను మీ ల్యాప్‌టాప్‌లోనే పీడీఎఫ్‌గా గానీ బొమ్మలుగా గానీ మార్చుకుని తీసుకెళ్లండి, గండం గడుస్తుంది. అయితే అది ఒక్కరోజు మందు. బొమ్మగా మారిన పాఠంలో మరుసటి ఏడాది ఒక్క మాట దిద్దుకోలేరు. చూపు తక్కువైన పిల్లల కోసం ఫోనులో పైకి చదివి వినిపించే సదుపాయం దాన్ని చదవలేదు. పక్క బడి ఉపాధ్యాయుడు తన తరగతికి తగ్గట్టు మార్చుకోలేడు. ఆ ఫాంటునే ప్యానెల్‌లో వేద్దామన్న ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. విండోస్ ఉన్న ప్యానెల్‌లో అది సాధ్యమే గానీ, మరో గదిలోని ప్యానెల్ దగ్గర కథ మళ్లీ మొదటికొస్తుంది.

శాశ్వతమైన మార్గం పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చడమే. అందుకు ఉచిత కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. అయితే ఒక్కో అచ్చు ఫాంటు అమరిక ఒక్కో రకం కాబట్టి, మీ ఫైలు ఏ ఫాంటులో, ఏ వెర్షన్‌లో కొట్టారో డీటీపీవారిని అడిగి తెలుసుకుని, కన్వర్టర్‌లో సరిగ్గా దాన్నే ఎంచుకోవాలి. ఫైలు మొత్తాన్ని ఒకేసారి అందులో పోయకండి. సైన్సు, గణితం ఉపాధ్యాయులు ఇది గోడ మీద రాసుకున్నా తప్పులేదు: కన్వర్టర్‌కు అసలైన ఇంగ్లీషుకూ తెలుగు చొక్కా తొడిగిన ఇంగ్లీషుకూ తేడా తెలియదు కాబట్టి, మీ రసాయన సంకేతాలను, సమీకరణాలను, యూనిట్లను కూడా తెలుగు అనుకుని ఏవో అక్షరాలుగా మార్చేస్తుంది. నీటి సంకేతం ఉండాల్సిన చోట అర్థంలేని మాట ఒకటి కూర్చుంటుంది. తెలుగు పేరాలను మాత్రమే విడిగా మార్చుకుని, సంకేతాలను చేత్తో తిరిగి చేర్చుకోండి.

మార్చిన తరవాత ప్రతి వాక్యం చదవండి. ముఖ్యంగా ‘క్ష’, ‘ఋ’, రెండు వత్తులున్న ‘స్త్రీ’ వంటి అక్షరాలు, అంకెలు, కొటేషన్ గుర్తులు చూడండి. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్లో పొల్లు పోయి తరవాతి అక్షరానికి వత్తుగా అతుక్కోవడం మామూలే. ‘పెన్‌డ్రైవ్’ అన్నది ‘పెన్డ్రైవ్’ అయి కూర్చుంటుంది.

ఇకమీదట టైపు చేసేవన్నీ మొదటి నుంచే యూనికోడ్‌లో చేయండి. విండోస్ 10లోనూ 11లోనూ తెలుగు కీబోర్డు చేర్చుకుంటే విండోస్, స్పేస్ మీటలు కలిపి నొక్కి భాష మార్చుకోవచ్చు. ఫోనులో జీబోర్డు అనే గూగుల్ కీబోర్డుకు నోటితో చెప్పి, వచ్చింది ల్యాప్‌టాప్‌కు పంపుకుని దిద్దుకోవడం నాకైతే ఇంకా తేలిక. డీటీపీవారితో కొట్టించక తప్పకపోతే “యూనికోడ్‌లో ఇవ్వండి” అని ముందే చెప్పండి, ఆ ఒక్క మాటకు అదనంగా ఏమీ అడగరు. అందమైన శీర్షికల కోసమే అచ్చు ఫాంట్లు వాడుతున్నామనేవారు గూగుల్ ఫాంట్స్ చూడాలి. విజయనగరం గురజాడ పేరుతోనూ, మన గిడుగు పేరుతోనూ ఉచిత యూనికోడ్ ఫాంట్లు అక్కడున్నాయి. అవి ప్యానెల్‌లో లేకపోయినా అక్షరాల రూపురేఖలు మారతాయే గానీ తెలుగు పోదు.

మిగిలినవి

వీడియో ఉన్న స్లైడు నల్లగా వస్తే, చాలావరకు వీడియో స్లైడులో ఉండదు, మీ ల్యాప్‌టాప్‌లోని దాని చిరునామా మాత్రమే స్లైడులో ఉంటుంది. వీడియోను స్లైడులోనే చేర్చండి, లేదా రెండింటినీ ఒకే ఫోల్డరులో పెట్టుకున్నాక జోడించి, ఫోల్డరు మొత్తాన్ని తీసుకెళ్లండి. పెద్ద వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోతే, ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉండి ఉంటుంది, అది 4 జీబీ మించిన ఒక్క ఫైలును తీసుకోదు. వాట్సాప్‌లో వచ్చిన వీడియో మసకగా ఉంటే, పంపేవారిని డాక్యుమెంట్‌గా పంపమనండి.

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ తెరుచుకోకపోతే ప్రభుత్వ డిజిటల్ పాఠాల యాప్ అయిన దీక్షాలోంచే స్కాన్ చేసి, నెట్ ఉన్నచోట ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఏజెన్సీ గ్రామాల్లో సిగ్నల్ కోసం పీరియడ్ మధ్యలో కిటికీ దగ్గర నిలబడటం కన్నా ఇది నయం. శబ్దం రాకపోతే ప్యానెల్ ఆండ్రాయిడ్‌లో ఉందో, లోపలి విండోస్‌లో ఉందో చూడండి. రెండింటికీ వాల్యూమ్ వేరువేరుగా ఉంటుంది.

మదర్‌బోర్డు పోయిందేమోనని కూడా ఫోన్లు వస్తుంటాయి. ఇన్నేళ్లలో అది నిజమైంది ఒక్కసారి, అదీ పిడుగు పడినప్పుడు. మిగతా అన్నిసార్లూ గోడ స్విచ్ వేసి లేదు.