శుభలేఖల సీజన్‌లో అప్‌గ్రేడ్ చేసి నేర్చుకున్నది

గుంటూరు బ్రాడీపేటలో నాది చిన్న డీటీపీ షాపు. సిస్టమ్‌లో ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఉచిత లినక్స్), పాత పేజ్‌మేకర్ కోసం వర్చువల్‌బాక్స్‌లో, అంటే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, విండోస్. మాఘం శుభలేఖలు చేతినిండా ఉండగా ఉబుంటు 22.04 వెర్షన్ నుంచి 24.04కి మార్చాను. రీస్టార్ట్ చేస్తే నల్లతెర. తప్పు నాదే, కెర్నల్ హెడర్లు (డ్రైవర్లు తయారుచేయడానికి కావాల్సిన ఫైళ్లు) ఉన్నాయో లేదో చూసుకోలేదు.

నా సిస్టమ్‌లో ఆ మార్పుతో కెర్నల్, అంటే ఉబుంటు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, 5.15 నుంచి 6.8కి వెళ్లింది. గ్రాఫిక్స్ డ్రైవరూ, వర్చువల్‌బాక్సూ కెర్నల్‌కి అతుక్కుని పనిచేసేవే. కెర్నల్ మారితే వాటి మాడ్యూళ్లు (కెర్నల్‌లోకి లోడయ్యే ముక్కలు) మళ్లీ తయారవ్వాలి. డీకేఎంఎస్ అనే టూల్ ఆ పని చేస్తుంది, కొత్త కెర్నల్ హెడర్లు ఉంటేనే. నల్లతెర వస్తే కంగారొద్దు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని లోపలికెళ్లి, హెడర్లు వేసి, డీకేఎంఎస్ స్టేటస్ చూడండి. కొత్త కెర్నల్ నంబరు పక్కన 'ఇన్‌స్టాల్డ్' అని ఉండాలి. 'యాడెడ్' అంటే పని కాలేదన్నమాట.

సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఉంటే రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది. మనవాళ్లు ఎంటర్ కొట్టేసి దాటిపోతారు, నేనూ అంతే! అక్కడ 'ఎన్‌రోల్ ఎంఓకే' (మాడ్యూళ్ల మీది సంతకం తాళంచెవిని నమోదు చేయడం) ఎంచుకుని, అప్‌గ్రేడ్‌లో పెట్టిన పాస్‌వర్డ్ కొట్టాలి. లేకపోతే సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ రానివ్వదు.

అప్‌గ్రేడ్‌కి ముందు లోపలి విండోస్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి, ఉన్నదున్నట్టు ఆపి దాచే 'సేవ్ స్టేట్' వద్దు. ఆ విండోస్ మొత్తం ఉండే వీడీఐ ఫైలు బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి.

కెర్నల్ 6.12 నుంచి ఇంకో పేచీ: కేవీఎం (వర్చువల్‌బాక్స్ లాంటి పనికే కెర్నల్‌లో ఉండే మాడ్యూల్) లోడవగానే ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ని పట్టేసుకుంటుంది, వర్చువల్‌బాక్స్ లేవకపోవచ్చు. కేవీఎం మాడ్యూల్ తీసేస్తే లేస్తుంది.