సైకాలజీ మొదటి పేపర్ రివిజన్: కలిసిపోయే జంటల్ని విడదీయడం ఎలా

డిగ్రీ మొదటి ఏడాది సైకాలజీ పుస్తకం ఎక్కడ తెరిచినా తెలిసిన సంగతిలాగే ఉంటుంది. జ్ఞాపకం, భయం, అలవాటు, తెలివి... అన్నీ ఇంట్లో రోజూ దొర్లే మాటలే. రెండుసార్లు తిరగేస్తే సరిపోతుందనిపిస్తుంది. తీరా పరీక్షలో చూస్తే, పక్కపక్కనే ఉండే రెండు భావనలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన చోటే మార్కులు పోతాయి. అందుకే రివిజన్‌ని అధ్యాయాల వరసలో కాకుండా ఇలాంటి జంటల చుట్టూ నడపాలి.

ముందు తెల్లకాగితం పని. ఒక అధ్యాయం తీసుకుని, పుస్తకం మూసి, గుర్తున్నదంతా పదిహేను నిమిషాలు నీలం పెన్నుతో రాయండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్రపెన్నుతో చేర్చండి. ఇకమీదట మీరు చదవాల్సింది ఆ ఎర్రరాత మాత్రమే. ఇది ఎందుకు పనిచేస్తుందో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు 2006లో చూపించారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత లెక్క తిరగబడింది: గుర్తుచేసుకున్నవాళ్లకు 56, మళ్లీ చదివినవాళ్లకు 42. పరీక్ష ముందురాత్రి చదివి "బాగా వచ్చేసింది" అనుకోవడం ఆ ఐదు నిమిషాల ఫలితాన్ని నమ్మడమే.

అదే అధ్యాయాన్ని మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు, రెండు వారాలకు ఇలాగే రాయండి. రెండోసారి నుంచి ఏడెనిమిది నిమిషాలు చాలు. ఎబ్బింగ్‌హాస్ 1885లో గీసిన మరపు రేఖ మీకు సిలబస్‌లోనే ఉంటుంది. ఇరవై నిమిషాలకు 58 శాతం, ఒక రోజుకు మూడోవంతు, నెలకు ఐదోవంతు. ఇవి గుర్తున్న మాటల శాతాలని రాస్తే తప్పు. మళ్లీ నేర్చుకునేటప్పుడు ఆదా అయిన శ్రమ శాతాలవి. ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే, అర్థంలేని అక్షరాల గుంపులతో చేసిన ప్రయోగమని కూడా ఒక వాక్యం చేర్చండి.

తర్వాత కార్డులు. పాత నోట్‌బుక్ అట్టలు కత్తిరించుకున్నా చాలు. కార్డుకు ఒక జంట. ముందువైపు రెండు పేర్లు. వెనకవైపు తేడా ఒక్క వాక్యంలో, దాని కింద మన ఊరి ఉదాహరణ ఒకటి. పుస్తకంలోని ఉదాహరణ రాయకండి. అది గుర్తుందంటే భావన అర్థమైనట్టు కాదు. అధ్యాయానికి ఐదారు కార్డులు దాటితే మళ్లీ తిరగెయ్యలేరు.

ఎక్కువ సమయం అభ్యసనానికే, అంటే నేర్చుకోవడం గురించిన అధ్యాయానికే ఇవ్వండి, చిక్కుముళ్లన్నీ అక్కడే ఉన్నాయి. పావ్‌లోవ్ నిబంధనంతో, అంటే ఒకదానితో ఇంకోటి జతపడి స్పందన రావడంతో మొదలుపెడదాం. విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర గరిటె డబ్బాకి తగిలి టకటకలాడగానే నోట్లో నీళ్లూరతాయి. ఇందులో నిర్నిబంధిత ఉద్దీపన, అంటే ఏమీ నేర్చుకోకుండానే స్పందన తెప్పించేది, ఏది? పదిమందిలో ఎక్కువమంది "మిక్చర్" అని రాసి ఆగిపోతారు. నాలుకమీద పడిన నిమ్మరసం పులుపు అని రాయాలి. మిక్చర్‌ను చూస్తే నీళ్లూరడం కూడా ఒకప్పుడు తిని నేర్చుకున్నదే. గరిటె చప్పుడు నిబంధిత ఉద్దీపన, ఆ చప్పుడుకే ఊరే లాలాజలం నిబంధిత ప్రతిస్పందన. పులుపుకూ చప్పుడుకూ ఊరేది లాలాజలమే కావడంతో పిల్లలు తికమకపడతారు. ఏమి ఊరింది అని కాకుండా దేనికి ఊరింది అని అడగండి, పేరు దానంతటదే వస్తుంది. చప్పుడు వినిపిస్తున్నా తినడానికి ఎన్నాళ్లూ దొరక్కపోతే ఊరడం తగ్గిపోతుంది, అది విలుప్తీకరణ. కొన్నాళ్ల విరామం తర్వాత అదే చప్పుడు వింటే మళ్లీ కొంచెం ఊరుతుంది. కాబట్టి విలుప్తీకరణ అంటే చెరిగిపోవడం అని రాయకండి.

ఇక స్కిన్నర్, అంటే ఫలితాన్నిబట్టి ప్రవర్తన పెరగడం, తగ్గడం. పాజిటివ్ అంటే మంచి, నెగటివ్ అంటే చెడు అన్న అర్థాన్ని ఇక్కడ పూర్తిగా మరిచిపోవాలి. ఏదైనా చేరితే పాజిటివ్, తొలగితే నెగటివ్. ప్రవర్తన పెరిగితే పునర్బలనం, తగ్గితే దండన. మే నెల ఉక్కపోతలో ఫ్యాన్ వేశారు, ఉక్క తగ్గింది, రేపు ఇంకా తొందరగా స్విచ్ నొక్కుతారు. బాధ తొలగింది, ప్రవర్తన పెరిగింది. ఇది నెగటివ్ పునర్బలనం, దండన కానే కాదు. ఇంకో మెలిక చూడండి. మద్దిలపాలెం జంక్షన్‌లో హెల్మెట్ లేదని చలానా రాశారు. చేతికి కాగితం ఇచ్చారు కనుక పాజిటివ్ దండన అని రాసేవాళ్లున్నారు. నిజంగా జరిగింది డబ్బు పోవడం, అంటే నెగటివ్ దండన. మర్నాటి నుంచి చలానా తప్పించుకోవడానికి హెల్మెట్ పెట్టుకుంటే, పెట్టుకోవడమనే ప్రవర్తన నెగటివ్ పునర్బలనంతో నిలబడుతోంది. ఒకే సంఘటనకు రెండు జవాబులు. ఏ ప్రవర్తన గురించి అడిగారన్నదే తేల్చాలి. ఆ ప్రవర్తన కింద గీత గీసి జవాబు మొదలుపెట్టడం అలవాటు చేసుకోండి.

పునర్బలనం ఎప్పుడెప్పుడు అందుతుందో చెప్పే ప్రణాళికలు నాలుగింటికీ నాలుగు బొమ్మలు చాలు. కిలో రొయ్యలు ఒలిస్తే ఇంత అని కూలి: స్థిర నిష్పత్తి. విసురువల ఎన్నోసారి వేస్తే చేప పడుతుందో తెలియదు: చర నిష్పత్తి. వారం వారం స్లిప్ టెస్ట్ ఉంటే ముందురోజే చదువు ఊపందుకుంటుంది: స్థిర విరామం. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు వస్తోందా అని మాటిమాటికీ తొంగిచూడటం చర విరామం. ఎన్నిసార్లు చూసినా బస్సు దాని సమయానికే వస్తుంది. తేడా తేల్చుకోవడానికి ప్రశ్న ఒక్కటే: ఎక్కువసార్లు చేస్తే ఫలితం తొందరగా వస్తుందా? వస్తే నిష్పత్తి, రాకపోతే విరామం.

స్మృతిలో జోక్యం రెండు రకాలు, రెండూ ఎప్పుడూ తారుమారవుతాయి. పెద్దవాళ్లు ఇప్పటికీ విశాఖపట్నం రైల్వే స్టేషన్‌ని వాల్తేరు స్టేషన్ అనేస్తారు. పాత పేరు కొత్తదానికి అడ్డుపడుతోంది, పురోగామి జోక్యం. కొత్త ఫోన్ నంబర్ బాగా అలవాటయ్యాక పాతది గుర్తురాకపోతే తిరోగామి. అడ్డుపడేది పాతదా కొత్తదా అని చూసి పేరు పెట్టండి.

ఫ్లాష్‌బల్బ్ స్మృతికి, అంటే పెద్ద సంఘటన ఫొటోలా గుర్తుండిపోవడానికి, మన ఊళ్లో సామగ్రి సిద్ధంగా ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఎక్కడున్నారో, కరెంటు ఎప్పుడొచ్చిందో, ఏం తిన్నారో ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లను విడివిడిగా రాయమనండి. తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. వివరాలు తేడా వస్తే ఎవరి నమ్మకం సడలుతుందో గమనించండి, చాలాసార్లు ఇద్దరిదీ సడలదు. ఎంత స్పష్టంగా కనిపించినా, ఎంత గట్టిగా నమ్మినా, ఆ జ్ఞాపకం కచ్చితమైనదని చెప్పలేం. ఆ ఒక్క వాక్యం రాయాలి. పని అయ్యాక ఆ కాగితాలు ఇంట్లో గొడవకు వాడుకోకండి.

పరిశోధన పద్ధతుల్ని చాలామంది చివరికి నెట్టేస్తారు. మిగతా అధ్యాయాలన్నిటికీ అక్కరకొచ్చేది అదే. ఎండాకాలంలో తాటిముంజల అమ్మకాలూ పెరుగుతాయి, వడదెబ్బ కేసులూ పెరుగుతాయి. ముంజలు తింటే వడదెబ్బ కొడుతుందని ఎవరూ అనరు, రెండిటి వెనకా ఎండ ఉంది. సహసంబంధం, అంటే రెండు కలిసి మారడం, కారణం కాదనడానికి ఇది చాలు. సహసంబంధ గుణకంలో మైనస్ గుర్తు దిశనే చెబుతుంది, మైనస్ 0.8 ప్లస్ 0.5 కన్నా బలమైనదే. మరో జంట: యాదృచ్ఛిక ప్రతిచయనం, యాదృచ్ఛిక కేటాయింపు. నగరంలోని కాలేజీలన్నిటి నుంచి చీటీలు తీసి 60 మందిని ఎంచడం మొదటిది, ఫలితాన్ని నగరంలోని విద్యార్థులందరికీ వర్తింపజేయడానికి పనికొస్తుంది. ఆ 60 మందినే చీటీలతో ముప్పయ్యేసిగా విడదీయడం రెండోది, కారణం గురించి మాట్లాడే హక్కునిస్తుంది. మొదటిది ఉండి రెండోది లేకపోతే కారణం జోలికి వెళ్లకూడదు.

మిగతావి తేలిక. మెదడు అధ్యాయంలో బొమ్మను చూడకుండా మూడుసార్లు గీయండి. బ్రోకా ప్రాంతం దెబ్బతింటే మాట తడబడుతుంది, వెర్నికే దెబ్బతింటే మాట గడగడా వస్తుంది కానీ అర్థం పోతుంది. ఉద్వేగ సిద్ధాంతాలు మూడింటికీ ఒకే దృశ్యం వాడండి: రాత్రి సందులో కుక్క వెంటపడింది. జేమ్స్-లాంగె ప్రకారం గుండెదడ ముందు, దాన్నిబట్టి భయం. కానన్-బార్డ్ ప్రకారం రెండూ ఒకేసారి. షాక్టర్-సింగర్ ప్రకారం దడకు మనం ఏ పేరు పెట్టామన్న దాన్నిబట్టి భయం. బాణాలు గీస్తే అర పేజీలో అయిపోతుంది. పెద్దలు చెప్పింది మనుషులు ఎంతవరకు పాటిస్తారో చూసిన మిల్‌గ్రామ్ తొలి ప్రయోగంలో 40 మందిలో 26 మంది అవతలివాడికి షాక్ ఇస్తున్నామనుకుంటూ 450 వోల్టుల దాకా వెళ్లారు, అవతలివాడికి నిజంగా షాక్ తగల్లేదు. ఆ రెండో ముక్క వదిలేస్తే జవాబు సగమే. స్కిజోఫ్రీనియా అంటే రెండు వ్యక్తిత్వాలు అని సినిమాల పుణ్యమా అని రాసేవాళ్లు ఏటా ఉంటారు, అది పొరపాటు.

చోటు సంగతి కూడా. గాడెన్, బాడ్లీ అనే మనస్తత్వవేత్తలు 1975లో నీటి అడుగుకు వెళ్లే డైవర్లకు మాటల జాబితాలు కొన్ని ఒడ్డున, కొన్ని నీటి అడుగున నేర్పారు. నేర్చిన చోటే గుర్తుచేసుకుంటే ఎక్కువ గుర్తొచ్చాయి. పరీక్ష హాల్లో కూర్చుని చదవడం కుదరదు కనుక ఒకే మూలకు అతుక్కుపోకండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒకరోజు, ఇంట్లో టేబుల్ దగ్గర ఒకరోజు, కార్డులు మాత్రం బస్సులో.

ఆఖరి రెండు రోజులు కొత్తది ముట్టుకోకండి. కార్డులు కలిపేసి, ఏ అధ్యాయమో తెలియకుండా తీసి చెప్పుకోండి. తప్పినవి పక్కన పెట్టి సాయంత్రం మళ్లీ చెప్పండి. తెలుగు మీడియం వాళ్లు ఒక పదాన్ని ఎంచుకుని జవాబు మొత్తం అదే వాడాలి. మొదటి పేరాలో పునర్బలనం, రెండో పేరాలో రీఇన్‌ఫోర్స్‌మెంట్ అని రాస్తే దిద్దేవాళ్లకు అవి రెండు వేర్వేరు భావనల్లా కనిపించే ప్రమాదముంది.