ఏ కాలానికి ఏ మజ్జిగ

ఎండాకాలంలో మజ్జిగ ఇవ్వకూడదని ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహిత చెబుతుంది. సూత్రస్థానం 45వ అధ్యాయంలో, గాయపడినవారికి, బలహీనులకు, మూర్ఛ, తలతిరుగుడు, ఒంట్లో మంట ఉన్నవారికి, రక్తపిత్త (ఒంటి నుంచి రక్తం పోయే) రోగులకు తక్రం, అంటే మజ్జిగ, పనికిరాదని చెప్పే శ్లోకంలోనే ఉష్ణకాలాన్ని కూడా చేర్చారు. మన ఊళ్ళలో మాత్రం ఎండలు ముదరగానే వీధి చివర చలివేంద్రం వెలుస్తుంది, దారిన పోయేవారిని పిలిచి మరీ గ్లాసుడు మజ్జిగ చేతిలో పెడతారు. మరోవైపు భావప్రకాశం అనే మరో ఆయుర్వేద గ్రంథం శీతకాలంలో తక్రం అమృతంతో సమానమంటే, మన ఇళ్ళలో చలికాలం రాగానే జలుబు చేస్తుందని పిల్లలకు మజ్జిగన్నం మాన్పిస్తారు. శాస్త్రం ఒక దారి, అలవాటు ఒక దారి అయినట్టు కనిపిస్తుంది గాని, ఈ రెండూ మాట్లాడుతున్నది ఒకే మజ్జిగ గురించి కాదు. ఎన్ని నీళ్ళు పోశాము, వెన్న తీశామా లేదా, ఎంత పులిసింది, పచ్చిగా తాగామా కాచి తాగామా అన్న నాలుగు సంగతులను బట్టి మజ్జిగ గుణం మారిపోతుందని గ్రహిస్తే, ఏ కాలంలో ఎవరు ఎలా చేసుకోవాలో తేలిగ్గా తెలుస్తుంది.

ముందుగా పెరుగు సంగతి. పెరుగు చలువ చేస్తుందని మనలో చాలామంది నమ్మకం. ఆయుర్వేదం అలా అనదు. పెరుగు ఉష్ణవీర్యం, అంటే ఒంట్లో వేడి పుట్టించేది, అరగడానికి బరువు, వాపును పెంచుతుంది అని దాని మాట. రాత్రిపూట తినవద్దనీ, వేడి చేసి తినవద్దనీ, తినేటప్పుడు నెయ్యి, పంచదార, పెసరకట్టు, తేనె, ఉసిరిక వంటి వాటిలో ఏదో ఒకటి తోడుగా ఉండాలనీ చరక సంహిత నియమం పెట్టింది. శరత్తు, గ్రీష్మం, వసంతం, ఈ మూడు ఋతువులలో పెరుగు సాధారణంగా మంచిది కాదని కూడా అందులోనే ఉంది. అంటే ఏడాదిలో సగం కాలం పెరుగుకు పొసగదు. అదే పెరుగును నీళ్ళు పోసి చిలికితే బరువు తగ్గుతుంది, వగరు చేరుతుంది, ఆకలిని పెంచే గుణం వస్తుంది. పెరుగన్నం మీద మమకారం ఉన్నవారికి ఈ మాట రుచించకపోవచ్చు, కానీ మజ్జిగ మొత్తం ఈ తేడా మీదే నిలబడి ఉంది.

తోడు పెట్టడం

పాలు పొంగించి దించి, చిటికెనవేలు ముంచితే హాయిగా ఓర్చుకోగలిగే వేడికి చల్లారనివ్వాలి. అరలీటరు పాలకు ఒక చిన్న చెంచాడు తోడు చాలు. తోడు ఎక్కువైతే పెరుగు తొందరగా పులుస్తుంది. మట్టికుండ, రాచ్చిప్ప, పింగాణీ, గాజు, స్టీలు, వీటిలో ఏదైనా వాడుకోవచ్చు గాని, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో పెరుగును గాని మజ్జిగను గాని ఉంచకూడదు, ఎందుకంటే పులుపు తగిలితే ఆ లోహాలు కరిగి చిలుమెక్కుతాయి. వేసవిలో నాలుగయిదు గంటల్లో తోడుకునే పాలు చలికాలంలో రాత్రంతా తీసుకుంటాయి. అందుకే చలికాలంలో గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టే అలవాటు మన వంటింట్లో ఉంది.

సగం తోడుకొని సగం పాలుగా ఉన్న పెరుగును చిలకవద్దు. దీనిని మందకం అన్నారు. పెరుగులలో ఇది వాతం, పిత్తం, కఫం అనే మూడు దోషాలనూ పెంచుతుందని చరకుడు దీన్ని విడిగా పేర్కొన్నాడు. పెరుగు గట్టిగా తోడుకొని, తియ్యదనం ఇంకా పోకుండా, పులుపు అప్పుడే మొదలైన దశలో చిలకడం సరైన సమయం. రాత్రి తోడు వేస్తే పొద్దున్నే ఆ దశ దొరుకుతుంది.

చిలకడం, నీళ్ళ లెక్క

పెరుగులో నీళ్ళు పోసి గరిటెతో తిప్పితే పలచని పెరుగు అవుతుంది గాని మజ్జిగ కాదు. చాలా ఇళ్ళలో ఇప్పుడు జరుగుతున్నది ఇదే, మజ్జిగ పడటం లేదని చెప్పేవారిలో కొందరు తాగుతున్నదీ ఇదే అని నా అభిప్రాయం. కవ్వంతో చిలికినప్పుడు వెన్న విడిపడి పైకి తేలుతుంది, దానిని తీసివేసిన తర్వాత మిగిలిన ద్రవమే శాస్త్రం చెప్పిన తక్రం. భావప్రకాశం దీనిని అయిదు రకాలుగా విడదీసింది. నీళ్ళు పోయకుండా మీగడతో సహా చిలికినది ఘోలం, మీగడ తీసి నీళ్ళు లేకుండా చిలికినది మథితం, నాలుగోవంతు నీళ్ళతో చిలికినది తక్రం, సగం నీళ్ళతో చిలికినది ఉదశ్విత్తు, సారమంతా తీసి నీళ్ళు బాగా పోసి పలచగా చేసినది ఛచ్ఛిక. సుశ్రుతుడు తక్రానికి సగం నీళ్ళు చెప్పాడు కాబట్టి లెక్క అన్ని గ్రంథాలలో ఒకటి కాదు. చరకుడు నీళ్ళను పక్కన పెట్టి వెన్నను కొలతగా తీసుకున్నాడు. వెన్న పూర్తిగా తీసినది, సగం తీసినది, అసలు తీయనిది అని మూడు రకాలు చెప్పి, రోగి జీర్ణశక్తిని చూసి వీటిలో ఒకటి ఎంచుకోమన్నాడు. జీర్ణశక్తి ఎంత మందంగా ఉంటే వెన్న అంత తీసివేయాలన్నది ఇంట్లో గుర్తుంచుకోదగిన సూత్రం.

చేసే పద్ధతి ఇది. ఒక గిన్నె పెరుగుకు పావు గిన్నె నీళ్ళు పోసి, లోతైన పాత్రలో కవ్వంతో ఒకే వేగంగా చిలకాలి. వేసవిలో కుండలోని చల్లని నీళ్ళు, చలికాలంలో గోరువెచ్చని నీళ్ళు చేర్చితే వెన్న సులువుగా ముద్దకడుతుంది. మిక్సీ వాడేవారు ఆగి ఆగి తిప్పాలి, లేకపోతే వేడెక్కి వెన్న మళ్ళీ మజ్జిగలోనే కలిసిపోతుంది. వెన్న తీశాక కావలసినన్ని నీళ్ళు కలుపుకోవచ్చు. ప్యాకెట్ పాలు వాడేవారికి ఒక చిక్కు ఉంది. హోమోజినైజ్ చేసిన పాలలో కొవ్వు కణాలను బాగా చిన్నవిగా చేస్తారు గనుక ఎంత చిలికినా వెన్న సరిగా పడదు. అలాంటప్పుడు పాల రకాన్ని మార్చుకోవడమే మార్గం. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం కొవ్వు ఉంటుంది కాబట్టి, డబుల్ టోన్డ్ పాల పెరుగును బాగా చిలికితే వెన్న తీసిన మజ్జిగకు దగ్గరగా వస్తుంది.

వేసవికి

చలివేంద్రంలో ఇచ్చే మజ్జిగ అయిదు రకాలలో ఛచ్ఛికకు దగ్గరిది. భావప్రకాశం ఛచ్ఛికను చలువ చేసేదిగా, తేలికగా అరిగేదిగా, పిత్తాన్నీ అలసటనూ దప్పికనూ పోగొట్టేదిగా వర్ణించింది. సుశ్రుతుడు ఎండాకాలంలో వద్దన్నది చిక్కని, పులిసిన తక్రాన్ని అని ఈ రెండింటినీ కలిపి చదివితే నాకు అర్థమవుతోంది. కాబట్టి వేసవిలో తియ్యని పెరుగును చిలికి, వెన్న తీసి, ఒక వంతుకు నాలుగైదు వంతుల నీళ్ళు పోయాలి. అందులో చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, నలిపిన కొత్తిమీర వేసి, దొరికితే రెండు దబ్బాకులు తుంచి వేయాలి. దబ్బాకు వాసన పట్టిన మజ్జిగ రుచి ఒకసారి తెలిసినవారు దానికోసం పెరట్లో చెట్టు పెంచుకుంటారు. ఒంట్లో మంట, పుల్లని తేన్పులు ఉన్నవారు అల్లం, పచ్చిమిర్చి మాని కొద్దిగా పటికబెల్లం కలుపుకోవాలి. పిత్తానికి తియ్యని మజ్జిగను పంచదారతో, వాతానికి పుల్లని మజ్జిగను సైంధవ లవణంతో ఇవ్వాలన్నది సుశ్రుతుడి సూత్రమే. సాయంత్రానికి పులిసిపోయిన మజ్జిగను వేసవిలో తాగవద్దు.

వడదెబ్బకు మజ్జిగ మందు కాదు. స్పృహ తప్పినవారి నోట్లో మజ్జిగ మాత్రమే కాదు, ఏదీ పోయకూడదు. వారిని నీడకు చేర్చి, ఒంటిని తడిపి, గాలి తగిలేలా చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. విరేచనాలతో నీరసించినవారికి కూడా మజ్జిగ కంటే ముందు ఓఆర్ఎస్ ఇవ్వాలి.

వానకాలానికి, చలికాలానికి

వానలు మొదలయ్యాక జీర్ణశక్తి మందగిస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. ఈ రోజుల్లో ఉపయోగపడే పొడి ఒకటి చేసి ఉంచుకోవచ్చు. నాలుగు చెంచాల జీలకర్ర, ఒక చెంచా వాము, అర చెంచా మిరియాలు విడివిడిగా దోరగా వేయించి, ఒక చెంచా శొంఠి పొడితో కలిపి దంచి, సీసాలో పోసి మూత పెట్టాలి. మధ్యాహ్న భోజనం చివర, పావువంతు నీళ్ళతో చిలికి వెన్న తీసిన ఒక గ్లాసు మజ్జిగలో ఈ పొడి పావు చెంచా, చిటికెడు సైంధవ లవణం కలిపి తాగితే, కడుపుబ్బరం ఉన్నవారికి హాయిగా ఉంటుంది. గ్యాస్ ఎక్కువగా ఉంటే ఇంగువ చిటికెడు చేర్చవచ్చు. అయితే అంగడిలో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమ పిండి గాని మైదా గాని కలుస్తుంది, గోధుమ పడనివారు డబ్బా మీది వివరాలు చూసి కొనాలి.

జలుబు భయానికి శాస్త్రంలో చక్కని సమాధానం ఉంది. పచ్చి మజ్జిగ కడుపులోని కఫాన్ని తగ్గిస్తుంది గాని గొంతులో కఫాన్ని పెంచుతుందనీ, అందువల్ల పడిశం, దగ్గు, ఆయాసం ఉన్నవారికి కాచిన మజ్జిగనే వాడాలనీ భావప్రకాశం చెబుతుంది. మన అమ్మమ్మలు ఈ శ్లోకం చదివి ఉండకపోవచ్చు గాని మజ్జిగ పులుసు వారి చేతి వంటే. పుల్లని మజ్జిగలో గ్లాసుకు ఒక చెంచా చొప్పున శనగపిండి ఉండలు లేకుండా కలిపి, పసుపు, ఉప్పు, అల్లం ముక్క వేసి, సన్నని సెగ మీద ఆపకుండా తిప్పుతూ ఒక పొంగు రానివ్వాలి. తిప్పడం ఆపితే మజ్జిగ విరిగిపోతుంది, పిండి వేసేది కూడా అది విరగకుండా ఉండటానికే. ఆపైన మెంతులు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు తిరగమోత పెట్టాలి. మజ్జిగ చారులో, తెలంగాణలో సల్లచారు అనేదానిలో, తిరగమోత వేడి తప్ప మజ్జిగ కాగదు కాబట్టి దగ్గు ఉన్నప్పుడు పులుసువైపే మొగ్గాలి. ఆరోగ్యంగా ఉన్నవారు చలికాలం మధ్యాహ్నం పూట, ఫ్రిజ్‌లో పెట్టని మజ్జిగను శొంఠి, మిరియాలు కలిపి నిశ్చింతగా తాగవచ్చు.

అరటిపండును మజ్జిగతో గాని పెరుగుతో గాని కలిపి తినడం విరుద్ధాహారమని, అంటే ఒకదానితో ఒకటి పొసగని తిండి అని, అష్టాంగ హృదయం అనే ఆయుర్వేద గ్రంథం చెబుతుంది. పెరుగన్నంలో అరటిపండు నంజుకునే అలవాటు మనకు ఎంత పాతదో చెప్పనక్కరలేదు. తిని అరిగించుకుంటున్నవారిని మానమని నేను చెప్పలేను గాని, పడిశం, దగ్గు తరచుగా వచ్చేవారు నెల రోజులు మాని తేడా గమనించడంలో నష్టం లేదు.

ఎవరు జాగ్రత్తపడాలి

సైంధవ లవణం పేరు వేరైనా అందులో ఎక్కువ భాగం మామూలు ఉప్పులో ఉన్న సోడియం క్లోరైడే కాబట్టి, రక్తపోటు ఉన్నవారు దానిని ధారాళంగా వేసుకోకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు రోజుకు ఎంత మజ్జిగ తాగవచ్చో తమ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. పాలు అరగనివారిలో చాలామందికి మజ్జిగ పడుతుంది, ఎందుకంటే తోడుకునేటప్పుడు పాలలోని లాక్టోజు కొంత లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పాల ఎలర్జీ ఉన్నవారి సంగతి వేరు, వారు మజ్జిగ జోలికే పోరాదు. థైరాయిడ్ మాత్ర వేసుకున్న నాలుగు గంటల లోపు, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్ససిన్ వంటి యాంటీబయాటిక్స్ వేసుకునే సమయానికి దగ్గరలో మజ్జిగ తాగితే, అందులోని కాల్షియం వల్ల మందు ఒంటికి సరిగా పట్టదు.

మొలల చికిత్సలో, కుండ లోపల చిత్రమూలం వేరు బెరడు ముద్ద పూసి అందులో తోడుపెట్టిన పెరుగుతో మజ్జిగ చేయమని చరకుడు చెప్పాడు. ఇది చదివి ఎవరూ ఇంట్లో ప్రయత్నించరాదు. చిత్రమూలం చర్మం తగిలితే బొబ్బలెక్కించేంత ఘాటైనది, గర్భిణులకు ప్రమాదకరం, శుద్ధి చేయకుండా వాడేది కాదు. మలంలో రక్తం పడుతుంటే, అవి మొలలే అని సరిపెట్టుకోకుండా వైద్యుడికి చూపించుకోవాలి.

పులిసిపోయి తాగడానికి పనికిరాని మజ్జిగను పారబోయనక్కరలేదు. ఉప్పు వేసి, నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయలను అందులో రాత్రంతా నానబెట్టి, పగలు ఎండబెట్టి, ఆ మజ్జిగ ఇంకిపోయేదాకా మూడు నాలుగు రోజులు అలాగే చేస్తే చల్ల మిరపకాయలు తయారవుతాయి. మిరపకాయలు లేని రోజున, ఉప్పు వేయని ఆ పుల్లని మజ్జిగలో నీళ్ళు కలిపి కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తే సరి.